ఎర్ర నూలు చుట్టిన పిడి

నేను ఒక సోల్డరింగ్ ఐరన్‌ని. రేడియోలోనో టీవీలోనో తీగనూ తీగనూ కలిపి సీసంతో అతికే పనిముట్టుని. తెలుగులో నాకంటూ ఒక పేరు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. బట్టల మడతలు తీసే ఇస్త్రీపెట్టెనూ ఐరన్ అంటారు, నన్నూ ఐరన్ అంటారు. మొదట్లో నాకది చిన్నతనంగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. ముక్కు మీద కోపం అని మనుషులు ఒకరినొకరు అనుకుంటారు గానీ ఆ మాట నిజానికి నాకే చెల్లాలి. కరెంటు తగిలితే పిడి చల్లగానే ఉంటుంది, ముక్కు మాత్రం భగ్గుమంటుంది. ఇంత కోపిష్టిదాన్ని పట్టుకుని అతికే పనికి పెట్టారు. మనుషుల తెలివి అలాగే ఉంటుంది.

సికింద్రాబాదులో రాణీగంజ్ వెనక ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. రాగి ముక్కు, ఇనుప గొట్టం, లోపల అభ్రకం మీద చుట్టిన సన్నటి తీగ, చివర చెక్క పిడి. ఇంతే నేను. నన్ను బిగించిన మేస్త్రీ కరెంటు పెట్టి, నా ముక్కుకు బీడీ ఆనించి దమ్ము లాగాడు. అది అంటుకుంది. అదే నాకు జరిగిన పరీక్ష. బీడీతో మొదలైన నా కథలోకి మళ్ళీ బీడీ వస్తుందని అప్పుడు నాకు తెలియదు.

మౌలాలి గుట్టకు అవతల రేడియోలు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. నన్ను అక్కడికి పంపారు. పొడవాటి షెడ్డు, రెండు వరసల బల్లలు, బల్లల ముందు ఆడవాళ్ళు. ఒక్కొక్కరి ముందు చిల్లులున్న పలక. పలక పైన చిన్న చిన్న భాగాలు గుచ్చి ఉంటాయి, వాటి కాళ్ళు చిల్లుల్లోంచి అవతలికి పొడుచుకుని ఉంటాయి. ఆ ప్రతి కాలికీ ఒక బొట్టు సీసం అంటించాలి. ఒక్క కాలు సరిగ్గా అంటకపోయినా రేడియో పాడదు. ఆ వరసలో మూడో బల్ల వినోదది. నేను ఆమె చేతికి వచ్చాను.

వినోద భువనగిరి దగ్గర సాలెవాళ్ళ ఇంటి పిల్ల. మిల్లు బట్ట వచ్చి వాళ్ళ నాయిన మగ్గం ఆగిపోయింది. ఆగిన మగ్గం ముందు కూర్చునే ఆయన కొన్నాళ్ళు బతికి పోయాడు. అమ్మ అంతకు ముందే లేదు. వినోద తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పట్నం వచ్చి, ఐటీఐ చదివి, ఈ ఫ్యాక్టరీలో చేరింది. తమ్ముడి పేరు మార్కండేయులు. వాణ్ణి చదివించడం తప్ప ఆమెకు వేరే కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "పోరడు ఒడ్డున వడనీ, తర్వాత సూద్దాం" అనేది. ఆ తర్వాత అన్నది రానే లేదు.

నా పిడి చెమట చేతిలో జారుతోందని ఆమె మొదటి వారంలోనే ఇంటినుంచి ఎర్ర నూలు తెచ్చి దానికి చుట్టింది. నాయిన మగ్గం దగ్గర మిగిలిన నూలట అది. చివర సాలెవాళ్ళు తెగిన పోగుకు వేసే సన్నటి ముడి వేసింది. ఆ ముడి వేలికి తగలదు, ఎంత లాగినా ఊడదు. అది చూసి పక్క బల్ల ఖైరున్నీసా తన ఐరన్‌కు పచ్చ దారం చుట్టించుకుంది. నెల తిరిగేసరికి షెడ్డులో అన్ని పిడులకూ రంగులొచ్చాయి. సూపర్‌వైజరుకు ఇది నచ్చలేదు. కంపెనీ సామాను మీద సొంత గుర్తులేమిటని అడిగాడు. ఎవరూ దారం విప్పలేదు.

వినోద చేతి పని గురించి చెప్పాలి. గర్వంగానే చెబుతాను. నన్ను కాలికి ఆనించి, సీసం తీగ తాకించి, కరగగానే ఎత్తేది. ఎత్తేటప్పుడు మణికట్టు రవ్వంత తిప్పి ఏటవాలుగా లాగేది. ఆ తిప్పుతో సీసం సాగకుండా, పక్క కాలికి అంటుకోకుండా, జొన్నగింజంత బొట్టు మెరుస్తూ నిలబడేది. ఖైరున్నీసా ఎంతో ప్రయత్నించింది గానీ ఆమెకు ఆ తిప్పు పట్టుబడలేదు. నేర్చుకోబోయి ఒకసారి నన్నే ముక్కు దగ్గర పట్టుకుంది. ఆమె చూపుడువేలి మీద మచ్చ ఉంటుంది, అది నా పనే.

అంతా బాగానే ఉంది, పొగ ఒక్కటే బాగాలేదు. సీసం తీగ కడుపులో చెట్టు జిగురు ఉంటుంది. నేను ముట్టుకోగానే అది పొగై లేస్తుంది. పని మీదికి వంగిన మొహంలోకే పోతుంది. వినోదకు ఏళ్ళు గడిచేకొద్దీ దగ్గు పట్టుకుంది. తర్వాత పిల్లికూతలు మొదలయ్యాయి. రాత్రి పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటోందని ఖైరున్నీసాతో అంటుంటే విన్నాను. ఆ పొగ నా ముక్కు నుంచి లేచిందే కదా. నేనేం చేయగలను? కాలడమే నా బతుకు.

మార్కండేయులు డిప్లొమా పాసై అదే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరాడు. చేరిన రోజు షెడ్డులో అక్క ముందు నిలబడ్డాడు. ఆమె లేవబోయి దగ్గుతో మళ్ళీ కూర్చుండిపోయింది. వాడు, "అక్కా, ఈ పొగల నుంచి నిన్ను బయటికి తెస్త" అన్నాడు. ఆమె నవ్వి, "ముందుగాల బువ్వ తినుపో, కాంటీన్ బందయితది" అంది.

బయటి దేశాల్లో పలకలను యంత్రాలతో అతుకుతారని వాడు పుస్తకాల్లో చదివాడు. వాటిని తెప్పించుకోవడానికి ఆ రోజుల్లో సర్కారు అనుమతులు దొరకవు. మేనేజరు, "మీరే ఒకటి చేసి చూడండి మార్కండేయులు గారూ" అన్నాడు. వాడు చేశాడు. ఇనుప తొట్టినిండా కరిగిన సీసం. అడుగున చిన్న చక్రం తిరిగితే ఆ సీసం పైకి లేచి గట్టు మీంచి అలలా పొర్లుతుంది. పలక ఆ అల మీదుగా వెళితే కాళ్ళన్నీ ఒక్కసారే అతుక్కోవాలి. పైన రేకు గొట్టం, పొగంతా దానిలోంచి కప్పు మీదికి పోతుంది. ఆ యంత్రం తీగలన్నీ వాడు నాతోనే అతికాడు. సాయంత్రం అక్క పని ముగించాక నన్ను అడిగి తీసుకెళ్ళేవాడు. నా కళ్ళముందే, నా చేతే, నాకు పోటీ పుట్టిందన్న మాట.

పుట్టింది గానీ నడవలేదు. అల మీంచి దిగేటప్పుడు సీసం సాగి, పక్కపక్క కాళ్ళ మధ్య వంతెనలు కట్టేది. వాడు అల ఎత్తు మార్చాడు, వేడి మార్చాడు, చక్రం మార్చాడు. పలకలు గంపలకొద్దీ పాడయ్యాయి. వెనక జనం నవ్వుకున్నారు. ఇంజనీరు గారి బజ్జీల కడాయి అని పేరు పెట్టారు. ఆ పేరు బాగానే ఉందని నేనూ అనుకున్నాను, దాచడం ఎందుకు.

ఒక ఆదివారం లాలాపేటలో వాళ్ళింట్లో వినోద పొరుగింటి వాళ్ళ రేడియో బాగు చేస్తోంది. మేం ఐరన్‌లం సెలవు రోజున వాళ్ళతో పాటు ఇంటికి వెళ్ళడం మామూలే. మార్కండేయులు పక్కన గొంతుక్కూర్చుని అక్క చెయ్యి చూస్తున్నాడు.

"అక్కా, మల్లొక్కపారి చెయ్యి."

"ఎన్నిపార్లు సూస్తవురా? నా చెయ్యేమన్న సిన్మానా?"

"ఎత్తేటప్పుడు ఎందుకు తిప్పుతున్నవ్?"

"తిప్పుతున్ననా?" ఆమె తన చేతిని తానే కొత్తగా చూసుకుంది. "ఏమోరా. నాయిన పోగు తెంపేటప్పుడు గిట్లనే తిప్పుతుండె."

వాడు లేచి చెప్పులు కూడా వేసుకోకుండా ఫ్యాక్టరీకి పోయాడు. పలక ఇంతవరకు అల మీద చదునుగా నడిచేది. ఇప్పుడు దాని దారిని కాస్త పైకి వాల్చాడు. అల వెనక గట్టును మణికట్టులా వంచాడు. పలక అలను వదిలేటప్పుడు ఏటవాలుగా, చిన్న మెలికతో వదిలింది. సీసం వెనక్కి జారిపోయింది. ప్రతి కాలి మీదా జొన్నగింజంత బొట్టు మెరుస్తూ నిలిచింది. మర్నాడు వినోద ఆ పలక పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి తిప్పి తిప్పి చూసింది. "ఇది నేను చేసిందే గదరా" అంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. సంతోషం అది. నేను ఆమె రెండో చేతిలోనే ఉన్నాను, నాకు తెలుసు.

ఆ ఏడు దసరా ముందురోజు షెడ్డులో ఆయుధపూజ. ఎప్పుడూ మమ్మల్నందరినీ కడిగి తుడిచి, వరసగా పేర్చి, కుంకుమ పెట్టేవారు. ఆ సారి మధ్యలో కొత్త యంత్రం, చుట్టూ మేము. గుమ్మడికాయ కొట్టింది ఖైరున్నీసా మొగుడు, ఆయన అక్కడే వాచ్‌మెన్. హారతి పట్టింది ఆడవాళ్ళు. ఒక్కొక్కరూ వచ్చి యంత్రానికి బొట్టు పెట్టి దండం పెట్టుకున్నారు. పొగ పోతుందని, దగ్గు పోతుందని, తమకు వేరే బల్లలు ఇస్తారని వాళ్ళు అనుకున్నారు. మార్కండేయులూ అలాగే అనుకున్నాడు. ఎవరూ మేనేజరును అడగలేదు. మగ్గం పోయిన ఇంట పుట్టినవాడికి కూడా అడగాలని తోచలేదు.

దసరా సాయంత్రం జమ్మి ఆకు ఇచ్చుకుంటారు మా వైపు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో ఆకు పెట్టి బంగారం అంటారు, కాళ్ళు మొక్కుతారు. పెద్దవాళ్ళు గుండెకు హత్తుకుని సల్లగ బతుకమంటారు. ఏడాదంతా ఎంత పోట్లాడుకున్నా ఆ ఆకు చేతులు మారితే పోట్లాట తీరినట్టే. మార్కండేయులు ఆ రోజు అక్కకు ఆకు ఇచ్చాడు. ఆమె వాణ్ణి హత్తుకుని చాలాసేపు వదలలేదు. వాడు ఆమెకిచ్చిన ఆఖరి జమ్మి అదే.

సెలవులు అయి వచ్చేసరికి షెడ్డులో స్టూళ్ళు లేవు. యంత్రం ఒక్కటే గుమ్మడికాయ మరక మీద నిలబడి ఉంది. ఆడవాళ్ళను గేటు దగ్గరే ఆపి, ఇక రావద్దన్నారు. యంత్రం వదిలేసిన బొట్లు సరిదిద్దడానికి ఒక్కరు చాలన్నారు. ఆ ఒక్కరు ఇంజనీరు గారి అక్క. మార్కండేయులు మేనేజరు గదికి పరుగెత్తాడు. ఆయన ఎంతో మర్యాదగా, "మీ మిషన్ చేసే పనికి మళ్ళీ మనుషుల్ని పెట్టమంటారేంటండీ? మీరే చెప్పండి" అన్నాడు. వాడు తిరిగి వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు.

వినోద నన్ను పట్టుకుని తమ్ముడి బల్ల దగ్గరికి వచ్చింది. అరవలేదు. నన్ను వాడి ముందు పెట్టింది.

"నాయిన మగ్గం ఎట్ల పోయిందో నీకు యాదికి లేకపాయె" అంది. "నీ మిషిన్ల తిరిగేది నా మణికట్టేరా. దాన్ని నీకాడనే ఉంచుకో. నాకొద్దు."

"అక్కా, నీ కోసమే చేసిన."

"నా కోసమే చేసినవ్. నాకెర్కే. అందుకే నాకు వాళ్ళ మొఖం సూడబుద్ధయితలేదు."

ఆమె గేటు దాటి, బయట నిలబడ్డ వాళ్ళలో కలిసిపోయింది. నన్ను తీసుకోలేదు. ఆ రోజు కలిగిన దుఃఖం ఇప్పటికీ నాలో ఉంది. పనిముట్టుకు దుఃఖమేమిటని మీరనవచ్చు. ఏళ్ళ తరబడి ఒకే చేతిలో ఉండి చూడండి, తెలుస్తుంది.

ఆమె లాలాపేట ఇల్లు వదిలి ఖైరున్నీసా గల్లీలో ఒక అర్ర కిరాయికి తీసుకుంది. గల్లీలో ఆడవాళ్ళందరూ బీడీలు చుట్టడం మొదలుపెట్టారు, వేరే పని దొరకలేదు. వినోద కూడా చుట్టింది. ఆ వేళ్ళకు అది తేలికే. పొగ నుంచి తప్పించాలని తమ్ముడు యంత్రం చేస్తే, ఆమె పొగాకు దుమ్ములోకి వెళ్ళి కూర్చుంది. మార్కండేయులుకు ఢిల్లీ నుంచి పేటెంటు కాగితం వచ్చింది, ఫ్యాక్టరీ వాళ్ళు శాలువా కప్పారు. ఆ కాగితానికి వాడు పటం కట్టించలేదు. పెట్టెలో అడుగున వేశాడు.

మరుసటి దసరాకు వాడు జమ్మి ఆకు తీసుకుని, నన్ను సంచిలో వేసుకుని, ఆమె గడప ముందు నిలబడ్డాడు. ఆమె చాటలో పొగాకు పక్కన పెట్టి చూసింది.

"వాళ్ళకిచ్చినవా?" అని అడిగింది.

"ఎవలకు?"

"నీ మిషిన్‌కు బొట్టు పెట్టినోళ్ళకు. ఒక్కొక్కల ఇంటికి పోయి, వాళ్ళ చేతుల పెట్టి, మొక్కిరా. అప్పుడు నాకు తే. అందాక నాకొద్దు."

వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ప్రతి దసరాకూ వచ్చాడు. ప్రతిసారీ ఆమె అదే మాట అడిగింది, వాడు ప్రతిసారీ అలాగే వెళ్ళాడు. వాళ్ళ ఇళ్ళు ఎక్కడో దూరాన లేవు, అన్నీ మౌలాలి చుట్టుపక్కలే. ఒక ఏడు ఒక ఇంటి మలుపు దాకా వెళ్ళాడు. ఆ ఇంటావిడ నల్లా దగ్గర బిందె ఎత్తుకుంటోంది. వాడు వెనక్కి తిరిగాడు. కరిగిన సీసం ముందు భయపడనివాడు ఒక ముసలి ఆడమనిషి ముందుకు వెళ్ళలేకపోయాడు. నాకు వాడి మీద కోపం వచ్చేది. సంచిలో చల్లగా పడి ఉన్నదాని కోపం ఎవరికి తగులుతుంది?

ఈలోగా కొత్త టీవీలు వచ్చాయి, చౌక సరుకు వచ్చింది, ఫ్యాక్టరీ మూతపడింది. మార్కండేయులు యంత్రాన్ని పాత ఇనుము వాళ్ళు తూకానికి తీసుకుపోయారు. సుత్తితో కొట్టి వంచిన గట్టును విరగదీస్తుంటే వాడు చూస్తూ నిలబడ్డాడు. వినోద మణికట్టు విరుగుతున్నట్టు అనిపించింది నాకు.

చివరి దసరా నాడు వినోద గడప దగ్గర లేదు. ఛాతీ దవాఖానలో ఉంది. ముక్కుకు గొట్టం, పక్కన స్టూలు మీద ఖైరున్నీసా. మార్కండేయులు పొద్దున్నే ఆకు పట్టుకుని వచ్చాడు. జుట్టు నెరిసింది వాడికి.

"వాళ్ళకిచ్చినవా?" అంది వినోద. గొంతు సరిగ్గా రాలేదు.

వాడు నేల చూపులు చూశాడు.

"ఇంకెప్పుడిస్తవురా? నాకాడ టైం లేదు."

వాడు సంచి మంచం మీద పెట్టి లేచాడు. "నేనొచ్చేదాంక ఉండక్కా" అన్నాడు.

"ఏడికి పోతనురా. పో."

వాడు వెళ్ళాక ఆమె సంచి తడిమింది. ఖైరున్నీసా నన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇంక దీన్ని పట్టుకోని తిరుగుతున్నడా పిచ్చోడు" అంది. వినోద నూలు మీద బొటనవేలు రాసింది. ఎరుపు వెలిసిపోయి ఇటుకరంగు అయింది గానీ ముడి అలాగే ఉంది. ఖైరున్నీసా తన వేలి మచ్చ చూపించింది. ఇద్దరూ నవ్వబోయారు, వినోదకు దగ్గు వచ్చింది. మధ్యాహ్నందాకా ఆమె కళ్ళు మూసుకునే ఉంది. "పోరడు ఒచ్చిండా?" అని అడిగేది. "ఒస్తడు, గిప్పుడే పోయిండు" అనేది ఖైరున్నీసా. మధ్యలో ఆమె చెయ్యి దుప్పటి మీద కదిలింది. నన్ను దేనికో ఆనించినట్టు ఆనించి, ఎత్తింది. ఎత్తేటప్పుడు మణికట్టు రవ్వంత తిప్పింది. అలా కొన్నిసార్లు చేసింది. తర్వాత నేను ఆమె వేళ్ళలోంచి దుప్పటి మీదికి జారాను. ఆమె నన్ను మళ్ళీ తీసుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు మార్కండేయులు వచ్చాడు. కాళ్ళనిండా దుమ్ము, పిడికిలిలో ఒకే ఒక్క జమ్మి రెమ్మ. సిగ్గుతో అక్క మొహం చూడలేక మంచం కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు. ఆమెకు కప్పిన దుప్పటి అంచు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇచ్చినక్కా. యాదమ్మ తీసుకున్నది. కూసోవెట్టి చాయ పోసింది. పోచమ్మ తలుపేసుకున్నది. గడపల పెట్టి మొక్కిన. రాజమణి లేదట, పోయిన యేడే పోయిందట, ఆమె బిడ్డ చేతుల పెట్టిన. సుశీలమ్మకు ఏ మిషినో యాదికే లేదు. ఏం మిషిన్ బిడ్డా అని అడిగింది. నేనే చెప్పిన. చెప్తే నా నెత్తి మీద చెయ్యి వెట్టింది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఎవలు తిట్టలేదక్కా. తిడతరనే ఇన్నేండ్లు పోలే. ఒక్కదినంల అయిపాయె."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. ఆ సామెత పుట్టించినవాడు మార్కండేయులును చూసి ఉంటే ఆ మాట అనలేకపోయేవాడు.

ఖైరున్నీసా వాడి మాట అయ్యేదాకా ఆపలేదు. తర్వాత వాడి భుజం మీద చెయ్యి వేసింది. "తమ్మీ, మీ అక్క పగటిపూటనే పోయింది" అంది.

వాడు తలెత్తి చూశాడు. ఏడవలేదు. పిడికిలి విప్పి ఆ రెమ్మను చూసుకుంటూ ఉండిపోయాడు.

"నాకియ్యలే నువ్వు" అంది ఖైరున్నీసా. "నేను గూడ బొట్టు పెట్టిన దానికి."

వాడు మోకాళ్ళ మీద ముందుకు జరిగి, ఉన్న ఒక్క రెమ్మనూ ఆమె చేతిలో పెట్టి, ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె వాడి తల నిమిరి, "సల్లగ బతుకు" అంది, వినోద అనవలసిన మాట. అప్పుడు ఆ రెమ్మ తీసి వినోద చేతిలో పెట్టింది. వేళ్ళు ముడుచుకోలేదు, రెమ్మ జారిపోయింది. ఖైరున్నీసా నన్ను అందుకుని, ముడి పంటితో కొరికి, నా పిడి మీది నూలు విప్పింది. ఆ నూలుతో జమ్మిని వినోద మణికట్టుకు కట్టింది. ముడి వేయడం ఆమెకు రాలేదు. మార్కండేయులు వేశాడు, వాళ్ళ నాయిన వేసే ముడి. వేస్తున్నప్పుడు ఏడ్చాడు.

ఇప్పుడు నేను లాలాపేట ఇంట్లో, వినోద ఫొటో కింద బల్ల మీద ఉన్నాను. పిడి బోసిగా ఉంది. చెక్క మీద నూలు చుట్టిన చోట మాత్రం రంగు లేతగా ఉంటుంది. మొన్న మార్కండేయులు నాకు కరెంటు పెట్టాడు. ఏదో పాత రేడియో పలక ముందు పెట్టుకుని, ఒక కాలికి నన్ను ఆనించి, ఎత్తేటప్పుడు మణికట్టు తిప్పి చూశాడు. సీసం సాగి పక్క కాలికి అంటుకుంది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంటుకుంది. ఆ తిప్పును కొలిచి ఇనుములో పోసినవాడికి తన చేతిలో అది లేదు. అది వచ్చినది ఆమెకూ, ఆ యంత్రానికీ. ఇద్దరూ పోయారు. వాడు పలక పక్కకు నెట్టి ప్లగ్గు పీకాడు. బోసి పిడిని చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. నేను చల్లారడానికి చాలాసేపు పట్టింది.